బాప్తిస్మపు రిజిస్టరు, కుల ధ్రువపత్రము: ఆంధ్ర సంఘ చరిత్రలో బహిరంగ ఒప్పుకోలు

ఉపోద్ఘాతము

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణములలో గాని, కొల్లేరు చుట్టునున్న లంక గ్రామములలో గాని పరిచర్య చేయు కాపరులకు ఒక విన్నపము కొత్త కాదు. “అయ్యగారూ, బాప్తిస్మము తీసుకుంటాను గాని నా పేరు రిజిస్టరులో ఎక్కించవద్దు.” ఇట్లు అడుగువారు విశ్వాసములో చల్లారినవారు కారు. ఒకరు ఇంజనీరింగ్ సీటుకు దరఖాస్తు పెట్టిన కుర్రవాడు. ఒకరు చేపల చెరువుల మీద కూలి చేసుకుంటూ పిల్లను గురుకుల పాఠశాలలో చేర్చవలెనని ఆశపడు తండ్రి. మరొకరు రిజర్వుడు పంచాయతీలో సర్పంచిగా నిలబడదలచిన సంఘ పెద్ద. వీరందరి భయము ఒక్కటే. క్రైస్తవులమని కాగితము మీద పడిన దినమున షెడ్యూల్డు కులపు ధ్రువపత్రము పోతుంది.

ఈ విన్నపమునకు మన మధ్య రెండు సులువైన జవాబులు వినబడుచున్నవి. “వీరు లోకమును ప్రేమించినవారు, వీరికి బల్లలో పాలు లేదు” అనునది మొదటిది. “చట్టమే అన్యాయమైనది గనుక దాచుకొనుటలో తప్పు లేదు” అనునది రెండవది. మొదటి జవాబులో కనికరము లేదు, రెండవ జవాబులో సత్యము లేదు. రెండింటిలోను లేనిది చరిత్ర జ్ఞానము. క్రీస్తును బహిరంగముగా ఒప్పుకొనుటకు తెలుగు దేశములో వెల లేని కాలమంటూ ఎన్నడును లేదు. ఆ వెలను ఎవరు చెల్లించారు? సంఘము అందులో ఎంత పంచుకున్నది? ఈ రెండు ప్రశ్నలతో గడచిన 190 సంవత్సరముల చరిత్రను పరిశీలించి, నేటి మన బాధ్యతను గుర్తించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

1. మొదటి తరము: 1836 – 1865

గోదావరి డెల్టాలో సువార్తకు పునాది వేసినవారిలో విలియం బౌడెన్, జార్జి బీర్ గార్లు ముఖ్యులు. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతమునకు చెందిన ఈ ఇద్దరు, ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ గారి ప్రోద్బలముతో 1836లో భార్యలతో కూడ బయలుదేరి వచ్చి, నరసాపురము కేంద్రముగా పని ప్రారంభించారు. ఆర్థర్ కాటన్ గారు 1847లో ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు మట్టి మోసిన వేలాది కూలీల మధ్య ఈ గోదావరి డెల్టా మిషను వాక్యము ప్రకటించినది. విశ్వసించినవారు పెద్దవారై ముంపు బాప్తిస్మము పొందుట ఈ మిషను పద్ధతి. అది కాలువలోనో, గోదావరిలోనో, గట్టు మీద ఊరు నిలబడి చూచుచుండగా జరిగెడిది. దాచుటకు అందులో తావు లేదు.

చర్చి మిషనరీ సొసైటీ వారు మచిలీపట్నములో వేరొక మార్గము పట్టారు. హెన్రీ వాట్సన్ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ గార్లు 1841లో వచ్చారు. నోబుల్ గారు 1843లో పాఠశాల తెరచారు. అగ్రవర్ణముల పిల్లలను ఆకర్షించవలెనని అందులో అస్పృశ్యులకు ప్రవేశము లేకుండ చేశారు. ఆ నియమమును నేడు సమర్థించలేము. అయితే ఆ పాఠశాలలో నుండియే 1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందారు. పట్టణము అట్టుడికినది. తలిదండ్రులు పిల్లలను మానిపించగా బడి దాదాపు ఖాళీ అయినది. వారిద్దరు కన్నవారి ఇండ్లను విడిచి నోబుల్ గారి ఇంట తలదాచుకోవలసి వచ్చినది. తరువాతి కాలములో వారు అభిషిక్త సేవకులైనారు.

ఇక్కడ ఒక చట్టమును గుర్తుచేసుకోవలెను. అంతకు ముందు మతము మారినవాడు కులభ్రష్టుడై పిత్రార్జితములో హక్కు కోల్పోయెడివాడు. 1850లో కంపెనీ ప్రభుత్వము 21వ చట్టము చేసి ఆ శిక్షను తొలగించినది. మతము మారినందుకు, కులము నుండి వెలివేయబడినందుకు ఎవనికిని ఆస్తి హక్కు పోరాదని శాసించినది. అనగా విశ్వాసము నిమిత్తము మనుష్యుని పౌరహక్కులు తగ్గింపరాదను సూత్రము ఈ దేశపు చట్టములోనికి 1850లోనే వచ్చినది. సరిగా నూరేండ్లకు జరిగినదానిని చూచునప్పుడు ఈ సంగతి మరల అవసరమగును.

ఏలూరులో ఈ సొసైటీ పరిచర్య 1854లో, బెజవాడలో 1858లో ఆరంభమైనది. బెజవాడలోని టి.వై. డార్లింగ్ గారి యొద్దకు రాఘవాపురము నుండి పగోలు వెంకయ్య అను మాల పెద్ద వచ్చాడు. విగ్రహముల మీద నమ్మకము పోయి, నిజమైన దేవుని వెదకుచు చాలాకాలముగా ప్రార్థించుచున్నవాడు. 1859లో ఆయన ఇంటివారితో కలిసి బాప్తిస్మము పొంది, తన జనుల మధ్య సువార్తికుడైనాడు. కృష్ణా మండలములో మాలల మధ్య సంఘము లేచినది ఆయన సాక్ష్యము వలననే. రాఘవాపురము పేరును నేటికిని మన పెద్దలు గౌరవముతో తలంచుటకు కారణము ఇదే.

ఈ తరములో వెల చెల్లించినవారు ఇరువిధములవారు. అగ్రవర్ణపు విశ్వాసి ఇంటిని, బంధువులను పోగొట్టుకున్నాడు. అస్పృశ్యుడైన విశ్వాసి కూలిని, ఊరి ఆదరణను పోగొట్టుకున్నాడు. ఇద్దరికిని మిషను ఆశ్రయమిచ్చినది. ఒకరికి ఇల్లు, మరొకరికి బడి. ఆ ఆశ్రయములో దొరతనపు దోషములు ఉన్నమాట నిజమే. అయినను ఒప్పుకొమ్మని చెప్పినవారు ఒప్పుకున్నవానిని వీధిలో విడిచిపెట్టలేదు.

2. కరువు కాలపు పాఠము: 1876 – 1878

మన ప్రాంతమునకు దక్షిణముగా ఒంగోలులో జరిగిన సంగతి ఈ చర్చకు అత్యంత ముఖ్యమైనది. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారి పరిచర్యలో యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ విశ్వాసి ద్వారా 1866 మొదలుకొని గొప్ప ఉద్యమము లేచినది. ఆ విశ్వాసులు చచ్చిన పశువు మాంసము తినమన్నారు, గ్రామదేవత కొలుపులలో డప్పు కొట్టమన్నారు, ఆదివారము పనికి రామన్నారు. ఊరి పెద్దలు వారిని వెలివేసి పనులు ఆపివేశారు.

తరువాత 1876లో మహా కరువు వచ్చినది. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి ఇచ్చి బ్రతికించారు. ఆ దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవారి సంఖ్య ఇంతింత కాదు. అయితే ఆయన ఏమి చేశారు? కూలి కొరకు, గింజల కొరకు క్రైస్తవులైనారను మాట రాకూడదని సుమారు పదిహేను నెలలు ఎవనికిని బాప్తిస్మము ఇయ్యలేదు. సహాయము ఆగిపోయిన తరువాత కూడ జనులు వెనుదిరుగలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంవత్సరాంతమునకు ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటినది.

మనలో చాలామంది 2,222 అను అంకెను మాత్రమే జ్ఞాపకముంచుకొని ప్రసంగములలో చెప్పుదుము. ఆ అంకెకు విలువ తెచ్చినది దానికి ముందున్న పదిహేను నెలల నిగ్రహము. లాభము నిమిత్తము బాప్తిస్మము ఇయ్యరాదని ఆనాటి సంఘము నేర్పినది. నేడు సమస్య తలక్రిందులైనది. లాభము పోవునని బాప్తిస్మము దాచబడుచున్నది. సూత్రము మాత్రము ఒక్కటే: బాప్తిస్మము లాభనష్టముల లెక్కలోనికి రాకూడదు. అయితే ఆ సూత్రమును నేర్పిన సేవకుడు అదే సమయములో ఆకలిగొన్నవారికి పని చూపించినవాడని మరువరాదు. బాప్తిస్మమునకు తలుపు మూసిన కాలములో అన్నమునకు తలుపు తెరచియుంచాడు.

3. బిషప్ అజరయ్య గారి కాలము: 1912 – 1945

వేదనాయకము శామ్యూలు అజరయ్య గారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది దోర్నకల్ బిషప్ అయినారు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తరువాత కృష్ణా, గోదావరి మండలములలోని చర్చి మిషనరీ సొసైటీ సంఘములు కూడ దోర్నకల్ అధ్యక్ష మండలములో చేరినవి. ఆయన కాలములోనే ఆ మండలపు క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది. వారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు.

ఆయన బాప్తిస్మము ఇచ్చునప్పుడు ఒక పద్ధతి పాటించెడివారు. బాప్తిస్మము పొందినవారు తమ తలల మీద చేతులుంచుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమయనియు 1 కొరింథీయులకు 9:16 మాటలను అనుసరించి బిగ్గరగా పలుకవలెను. బాప్తిస్మము అనగా రహస్య ఒప్పందము కాదనియు, ఊరికి సాక్ష్యమనియు నిరక్షరాస్యుడైన కూలికి కూడ బోధపరచు పద్ధతి ఇది. మరొక పద్ధతి పిడికెడు బియ్యము. అన్నము వండునప్పుడు ప్రతి ఇల్లాలు ఒక పిడికెడు తీసి దేవుని పని కొరకు వేరుగా ఉంచెడిది. బీదవారి సంఘము తన బడిపంతులును, తన కాపరిని తానే పోషించుకొనుటకు ఈ పిడికెళ్లు తోడ్పడినవి. బిగ్గరగా చేయు ఒప్పుకోలు, చడిచప్పుడు లేని పిడికెడు, ఈ రెండును జతగా నడచినవని మనము గమనించవలెను.

రాజకీయముగా ఆ దినములు కఠినమైనవి. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వపు కమ్యూనల్ అవార్డు వచ్చినది. సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక జరిగినది. దళితుల మత మార్పిడిని గూర్చి గాంధీ గారు హరిజన్ పత్రికలో తీవ్రముగా వ్రాసినప్పుడు అజరయ్య గారు సంఘపు పక్షమున జవాబు చెప్పినవారిలో ఒకరు. అయినను క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కావలెనను వాదమును ఆయన అంగీకరింపలేదు. సంఘము ఓట్ల లెక్కకు వచ్చు ఒక వర్గముగా మారినయెడల, ప్రతి బాప్తిస్మమును రాజకీయమను అనుమానముతో చూడబడునని ఆయన భయము. ఆ భయము వ్యర్థమైనది కాదని నేటి పరిస్థితులు చూపుచున్నవి.

ఇంతలో 1936లో ప్రభుత్వము షెడ్యూల్డు కులముల ఉత్తర్వు వెలువరించినది. భారతీయ క్రైస్తవుడెవడును షెడ్యూల్డు కులస్థునిగా ఎంచబడడని అందులో స్పష్టముగా ఉన్నది. మన సమస్య 1950లో పుట్టినదని సాధారణముగా చెప్పుదుము. దాని వేరు 1936లో, తెల్లదొరల ప్రభుత్వపు ఉత్తర్వులోనే ఉన్నది.

4. చట్టము, న్యాయస్థానములు: 1950 – 2007

రాజ్యాంగము అమలులోనికి వచ్చిన ఏడు నెలలకు, 1950 ఆగస్టు 10న, రాష్ట్రపతి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు వచ్చినది. దాని మూడవ పేరా హిందూ మతము గాక వేరొక మతము అవలంబించువాడు షెడ్యూల్డు కులస్థుడు కాడని తీర్మానించినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ ద్వారా మినహాయింపు దొరికినది. క్రైస్తవులు, ముస్లిములు మిగిలిపోయారు. మతము మారినవాని హక్కు పోరాదని 1850లో చట్టము చేసిన దేశములో, నూరేండ్లకు, మతము మారినవానికి మాత్రమే ఒక హక్కు పోవు ఉత్తర్వు వచ్చినది.

దీనిని సమర్థించువారి వాదమును మనము న్యాయముగా వినవలెను. అస్పృశ్యత హిందూ సమాజపు రోగము, క్రైస్తవ్యములో కులము లేదు, కాబట్టి క్రైస్తవునికి ఆ మందు అవసరము లేదు అని వారి మాట. ఈ మాట వారికి ఎక్కడ దొరికినది? గలతీయులకు 3:28 మీద మనము ప్రసంగించినప్పుడెల్లను మనమే చెప్పితిమి. మన ప్రసంగమునే ప్రభుత్వము మన మీద చట్టముగా వ్రాసినది.

ఈ చిక్కు 1985లో సుప్రీంకోర్టు విచారించిన సూసై కేసులో బయటపడినది. మద్రాసులో చెప్పులు కుట్టుకొను ఒక క్రైస్తవుడు, షెడ్యూల్డు కులస్థులైన అదే వృత్తివారికి ఇచ్చిన ఉచిత బంకు తనకు రాలేదని న్యాయము కోరాడు. మతము మారిన తరువాత కూడ కులపు బాధలు క్రైస్తవ సమాజములో అదే తీవ్రతతో కొనసాగుచున్నవని చూపుటకు తగిన ఆధారము లేదని న్యాయస్థానము కొట్టివేసినది. దీని భావమేమి? మన హక్కు నిలువవలెననిన, మన సంఘములో కులము బ్రతికియున్నదని మనమే రుజువు చేయవలెను. హక్కు కొరకు పాపమును సాక్ష్యముగా తేవలసిన స్థితి ఇది. సంఘములో కులము లేదని ఆదివారము చెప్పి, ఉన్నదని సోమవారము కోర్టులో చెప్పుట కంటె, ఉన్నదని సంఘములోనే ఒప్పుకొని దానిని తీసివేయుట మేలు.

సంఘము వెలుపల కులము బ్రతికియున్నదనుటకు రుజువులు అక్కరలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు చంపబడిరి. ఆ పల్లెలో క్రైస్తవులు అనేకులు. గొడ్డలి ఎత్తినవాడు బాప్తిస్మపు రిజిస్టరు చూచి ఎత్తలేదు. ఆ తరువాతనే 1989లో అత్యాచారముల నిరోధక చట్టము వచ్చినది.

మన రాష్ట్రములోని ఏర్పాట్లను కూడ తెలిసికొనవలెను. 1970లో వెనుకబడిన తరగతుల జాబితా తయారైనప్పుడు, క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారిని బి.సి.-సి గా చేర్చి ఒక శాతము రిజర్వేషను ఇచ్చారు. షెడ్యూల్డు కులములకు 15 శాతము. 1977లో 341వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు, చట్టబద్ధము కాని కొన్ని రాయితీలను క్రైస్తవులైన దళితులకు కూడ విస్తరించినది. అయితే చట్టసభల సీట్లు, షెడ్యూల్డు కులముల ఉద్యోగ కోటా వారికి అందవు. పాత పశ్చిమ గోదావరిలోని చింతలపూడి, గోపాలపురము, కొవ్వూరు రిజర్వుడు స్థానములలో క్రైస్తవునిగా ఒప్పుకున్న దళితుడు నామినేషను వేయలేడు.

వెనుకకు తిరిగినవానికి మాత్రము తలుపు తెరిచియున్నది. 1976లో గుంటూరు వైద్య కళాశాల కేసులో, మాదిగ కులము నుండి క్రైస్తవులైన తలిదండ్రుల కుమారుడు హిందూ మతములోనికి మారి, కులస్థులు అంగీకరించినయెడల, షెడ్యూల్డు కులస్థుడు కాగలడని సుప్రీంకోర్టు చెప్పినది. ఒక దారిలో నడచినవానికి నష్టము, తిరిగి వచ్చినవానికి లాభము. మతస్వేచ్ఛను ఇచ్చు 25వ అధికరణమును ప్రేమించు ప్రతి పౌరుడు, క్రైస్తవుడైనను కాకున్నను, ఆలోచించవలసిన విషయమిది. జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదికలో షెడ్యూల్డు కులపు హోదాను మతముతో ముడిపెట్టరాదని సిఫార్సు చేసినది.

5. జనాభా లెక్కలు చెప్పునది

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవుల శాతమును చూడుడి. 1971లో 4.19, 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55, 2011లో 1.34. ఈ నలభై సంవత్సరములలోనే మన డెల్టాలో ప్రార్థన మందిరములు వీధి వీధికి లేచినవి, సభలు పెరిగినవి, స్వతంత్ర సంఘములు వందలుగా పుట్టినవి. ఆరాధనలో కూర్చున్నవారు పెరిగిరి, లెక్కలో ఉన్నవారు తగ్గిరి. దీనికి కారణము ఒక్కటే అనలేము గాని ధ్రువపత్రపు భయము ప్రధాన కారణమని ఏ కాపరిని అడిగినను చెప్పును.

దీని ఫలితములు సంఘ జీవితములో కూడ కనబడుచున్నవి. కాలువ గట్టున ఊరందరి యెదుట జరిగిన బాప్తిస్మము అనేక చోట్ల మందిరము లోపలి తొట్టిలోనికి వచ్చినది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము క్రింద వివాహము నమోదు చేయించుకొనుటకు వధూవరులు వెనుకాడుచున్నారు. ఇంట ఒక పేరు, కాగితములో ఒక పేరు. పిల్లలు దీనిని చూచి నేర్చుకొనునది ఏమనగా, విశ్వాసము ఇంటిలో ఉంచుకొనవలసిన వస్తువని. క్రైస్తవ వ్యతిరేకులు మనలను దొంగ క్రైస్తవులని పిలుచుటకు అవకాశమిచ్చినది కూడ ఈ దాపరికమే.

6. ఇటీవలి సంఘటనలు

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఈ విషయమును పరిశీలించుటకు జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషనును నియమించి, తరువాత దాని గడువును పొడిగించినది. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులపు హోదా ఇయ్యవలెనని మన శాసనసభ 2009లోను, మరల 2023 మార్చి 24న తీర్మానించినది. తీర్మానము చట్టము కాదు.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, పుదుచ్చేరికి సంబంధించిన సెల్వరాణి కేసులో, బాప్తిస్మము పొంది చర్చికి వెళ్లుచు, ఉద్యోగము కొరకు మాత్రము హిందువునని చెప్పుట రాజ్యాంగమును మోసపుచ్చుటయే అని తీర్పు చెప్పినది. 2025 ఏప్రిల్ 30న మన రాష్ట్ర హైకోర్టు, పూర్వపు గుంటూరు జిల్లాలో తనపై దాడి జరిగినదని ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవుడైనవాడు అత్యాచారముల నిరోధక చట్టపు రక్షణ కోరలేడని చెప్పినది. అదే దినమున కేంద్ర ప్రభుత్వము జనాభా లెక్కలలో కులగణన చేయుటకు నిర్ణయించినది. 2025 జూన్ 16న వెలువడిన ప్రకటన ఆ లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టినది. మన ఇండ్ల గుమ్మములో అడుగబడు ప్రశ్న మతమేమి, కులమేమి అనునది. దానికి జవాబు ప్రతి విశ్వాసి తన నోటితోనే చెప్పవలెను.

7. వాక్యపు వెలుగులో

దాచుకొనుటను సమర్థించువారు సాధారణముగా ఇద్దరిని చూపుదురు. మొదటివాడు నయమాను (2 రాజులు 5:18). అయితే నయమాను తన వంగుటను ప్రవక్త యొద్ద దాచలేదు, నేరమని యెరిగి క్షమాపణ కోరెను. యెహోవాను మాత్రమే సేవింతునని తన పరివారము యెదుటనే పలికెను. రెండవది ఎస్తేరు (2:10). ఆమె మౌనముగా ఉన్నది నిజమే. అయితే తన జనులకు ఆపద వచ్చిన దినమున, ప్రాణమునకు తెగించి తానెవరో రాజునకు తెలియజేసినది. ఎస్తేరు గ్రంథము ఆమె మౌనముతో ముగియలేదు, ఆమె ఒప్పుకోలుతో మలుపు తిరిగినది.

హక్కులు అడుగుట అవిశ్వాసమని చెప్పువారికి పౌలు జవాబిచ్చుచున్నాడు. ఫిలిప్పీలో (అ.కా. 16:37), యెరూషలేములో (అ.కా. 22:25) ఆయన తన రోమా పౌరసత్వమును గట్టిగా అడిగెను. ఆయన క్రైస్తవుడనని ఒప్పుకొని హక్కు అడిగెను గాని, హక్కు కొరకు క్రైస్తవుడను కానని చెప్పలేదు. మనకు మాదిరి ఇది. అననీయ సప్పీరాల చరిత్ర (అ.కా. 5) సంఘములో రెండు లెక్కలు ఉంచుకొనుట ఎంత భయంకరమో చూపుచున్నది. మత్తయి 10:32-33, రోమా 10:9-10 లకు వేరొక భావము చెప్పుటకు మనకు అధికారము లేదు.

అయితే వాక్యము ఇంతటితో ఆగలేదు. ఒక అవయవము శ్రమపడునప్పుడు తక్కిన అవయవములు దానితో శ్రమపడవలెను (1 కొరింథీ 12:26). ధ్రువపత్రము పోయిన విద్యార్థి ఫీజు కట్టలేక చదువు మానినప్పుడు సంఘము శ్రమపడుచున్నదా? సొమ్ము, భూమి ఉన్న విశ్వాసికి ఒప్పుకోలు వలన ఈ నష్టము లేదు. నష్టము లేనివాడు ప్రసంగపీఠము మీద నుండి నష్టపోవువానిని గద్దించుట సులువు. యాకోబు 2వ అధ్యాయము అట్టి పక్షపాతమును పాపమని చెప్పుచున్నది.

8. సంఘము చేయదగినవి

మొదటిది, బాప్తిస్మపు తరగతిలో చట్టమును ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. ఏది పోవును, బి.సి.-సి క్రింద ఏది దొరకును, తప్పుడు ధ్రువపత్రమునకు 1993 నాటి రాష్ట్ర చట్టము ఏ శిక్ష విధించును అను సంగతులు తెలియకుండ బాప్తిస్మము ఇచ్చుట వెల చెప్పకుండ అమ్ముట వంటిది. గోపురము కట్టగోరువాడు మొదట ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువే సెలవిచ్చెను (లూకా 14:28).

రెండవది, రెండు రిజిస్టర్లు ఉంచరాదు. పేరు వ్రాయవద్దని కోరువానికి అబద్ధము నేర్పుట కంటె, “ఇంకను ఆలోచించుకొనుము, మేము నీ కొరకు ప్రార్థింతుము” అని ఆగుట శ్రేయస్కరము. క్లౌ గారు పదిహేను నెలలు ఆగగలిగినప్పుడు మనము కూడ ఆగవచ్చును. ఆగినవానిని ఆరాధనలో నుండి తరుమవద్దు.

మూడవది, పిడికెడు బియ్యమును మరల లేవనెత్తవలెను. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతములలో సి.యస్.ఐ., లూథరన్, బ్రదరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘములన్నియు కలసి ఒక విద్యానిధి ఏర్పరచుకొనవచ్చును. మందిరపు గోపురములకు, సభల పందిళ్లకు పెట్టు ధనములో పదియవ వంతు, బహిరంగముగా ఒప్పుకొని హోదా కోల్పోయిన విద్యార్థులకు వేరుపరచినయెడల, మన బోధకు బలము వచ్చును.

నాల్గవది, సంఘములో మిగిలిన కులమును తీసివేయవలెను. వేరువేరు సమాధి స్థలములు, కులమును బట్టి సాగు సంఘ ఎన్నికలు, వివాహములలో కులపు పట్టింపు ఉన్నంతకాలము మన సాక్ష్యము కోర్టులోను నిలువదు, ప్రభువు యెదుటను నిలువదు.

ఐదవది, మూడవ పేరాను మార్చుమని క్రైస్తవులముగా, మన పేర్లతో, చట్టబద్ధముగా కోరవలెను. దాగియున్నవాడు విన్నపము మీద సంతకము చేయలేడు. జనాభా లెక్కలలో ఒకటి పాయింటు కొన్ని శాతముగా కనబడు జనుల మొర ఏ ప్రభుత్వము వినును? మన దాపరికమే మన విన్నపమును బలహీనపరచుచున్నది.

ముగింపు

మంచాల రత్నము గారికి నోబుల్ గారి ఇల్లు ఉన్నది. ఒంగోలు మాదిగలకు కాలువ పని ఉన్నది. అజరయ్య గారి పల్లె విశ్వాసికి బడి, పిడికెడు బియ్యము ఉన్నవి. ప్రతి తరములోను ఒప్పుకోలు వెల బీదవాని మీదనే ఎక్కువగా పడినది. అయినను మంచి కాలములలో సంఘము వాని ప్రక్కన నిలిచి కొంత భారమును ఎత్తుకున్నది. నేడు మనము వానిని ఒప్పుకొమ్మని అడుగుటకు ముందు ఆ ప్రక్కన నిలుచుటకు సిద్ధపడవలెను. సిద్ధపడినయెడల, సత్యమును తగ్గించి చెప్పవలసిన అవసరము మనకు ఉండదు. సహసేవకులును, వేదాంత విద్యార్థులును తమ తమ సంఘముల రిజిస్టర్లను ఈ దృష్టితో తెరచి చూచుదురు గాక.